సావుకారి గోదాము మీద నా బూట్లు

ఈమధ్య వికారాబాదులో కొత్తగా కాంట్రాక్టు పనులు మొదలుపెట్టిన కుర్రవాళ్లు కొందరు మా ఇంటికి వచ్చారు. "మీ రోజుల్ల కప్పుల పనిల గింత పేరు ఎట్ల సంపాయించిన్రు, జర చెప్పుండ్రి" అని అడిగారు. నలుగురు ఎదురుగా కూర్చుని మన నోటివంక చూస్తుంటే మనిషికి ఎక్కడలేని గొప్పతనం వస్తుంది. కష్టం గురించి, నిజాయితీ గురించి, మాట నిలబెట్టుకోవడం గురించి చాలాసేపు దంచాను. పాపం, వాళ్లు బుద్ధిగా తలలూపి, టీ తాగి వెళ్లిపోయారు. వాళ్లు వాకిలి దాటగానే మా ఇంటావిడ లోపలి నుంచి, "అన్నీ చెప్పినవు గని బూట్ల సంగతి చెప్పనే లేదు" అంది. అందుకే ఈ రాత. ఆ పిల్లలు చదువుతారనే ఆశతోనే రాస్తున్నాను.

ఇప్పుడంటే ఎక్కడ చూసినా స్లాబులే. మా రోజుల్లో తాండూరు వైపు బండలు పరిచిన మిద్దెలు ఉండేవి, పల్లెల్లో గూన పెంకులో గడ్డో ఉండేది. పోలీసు చర్య అయిపోయి, కొత్త సర్కారు వచ్చి, బడులు, ఆఫీసులు, కొట్లు లేవడం మొదలైన తర్వాత బెంగుళూరు పెంకులు మా వైపు దిగాయి. వ్యాగన్లలో గడ్డి మధ్య పేర్చుకుని వచ్చేవి. వాటిని దింపుతుంటే వికారాబాదు స్టేషను దగ్గర జనం నిలబడి చూసేవాళ్లు. ఒకదాని పళ్లలో ఒకటి ఇరుక్కుని కూర్చునే ఆ ఎర్రటి పెంకులు నాకు అన్నం పెట్టాయి. పరువు తీసింది కూడా అవే, కానీ తప్పు వాటిది కాదు.

మా నాయన గూన పెంకులు కప్పే మనిషి. పూడూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆయన ఎక్కని ఇల్లు తక్కువ. ఆయనకు రెండు అలవాట్లు ఉండేవి. కప్పు ఎక్కేముందు చెప్పులు విడిచి, చూరు దగ్గరి పెంకును వేళ్లతో తాకి కళ్లకు అద్దుకునేవాడు. ఇది ఒకటి. రెండోది, కప్పు వేసిన ఇంటికి తొలివాన రోజు వెళ్లి, వాన వెలిసేదాకా ఆ కప్పు కిందే కూర్చునేవాడు. దాన్ని మావాళ్లు వాన కూర్చోవడం అనేవాళ్లు. ఇంటివాళ్లు అనుములో శెనగలో ఉడికించి గుడాలు పెట్టేవాళ్లు, ఈయన తింటూ పైకి చూస్తూ ఉండేవాడు. ఎక్కడైనా చుక్క పడితే వాన ఆగగానే ఎక్కి సరిచేసేవాడు. వాన కూర్చోనిదే పని పూర్తయినట్టు కాదని ఆయన లెక్క.

నేను నాలుగు ఉర్దూ ముక్కలు నేర్చినవాణ్ణి. ఆఫీసర్ల ముందు నిలబడి మాట్లాడటం నాకు చేతనైంది. మా నాయనకు అది రాదు. అందుకని ఆయన కప్పు మీద, నేను కప్పు కింద అని పని పంచుకున్నాం. ఆయన పోయాక కప్పు మీది పని ఆయన జోడీదారు మిస్త్రీ తీసుకున్నాడు. నేను ఆయన్ని కాకా అని పిలిచేవాణ్ణి. కప్పు కింది పని మాత్రం నాదే, అంటే మాటలు. మాటలు బాగానే అమ్ముడుపోయాయి. ఒక బడి కప్పు, ఆ తర్వాత ఒక ఆఫీసు కప్పు, ఆపైన వరసగా ఇళ్లు. మా నాయన వాన కూర్చునే అలవాటును కూడా నేను వ్యాపారానికి వాడుకున్నాను. "తొలివానకు నేనే వచ్చి మీ ఇంట్ల కూసుంట" అని చెబితే కాదనేవాడు ఉండేవాడు కాదు. చెప్పులు విడిచి దండం పెట్టడాన్ని మాత్రం వదిలేశాను. అది భక్తి అనుకున్నాను. కాంట్రాక్టరుకు భక్తి ఎందుకని నా తెలివి.

ఆ తెలివి ముదిరిన రోజుల్లోనే పట్నం వెళ్లి బూట్లు కొన్నాను. నల్లటివి, మడమల కింద ఇనుప నాడాలు కొట్టినవి. బండల మీద నడిస్తే టకటకమనేవి. ఆ చప్పుడు వినడానికే నేను అక్కర్లేకపోయినా అటూ ఇటూ తిరిగేవాణ్ణి. మా ఇంటావిడ, "మనిషి ఇంకా గల్లీల్నే ఉంటడు, చప్పుడు వంటింట్లకొస్తది" అని చుట్టాలతో చెప్పేది. దాన్ని కూడా నేను మెచ్చుకోలు కిందే జమకట్టుకున్నాను.

తాండూరులో ఒక కందుల సావుకారి ఉండేవాడు. కన్నడ సీమ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మాట్లాడేది మన తెలుగే, లెక్కపెట్టేది మాత్రం కన్నడంలో. ఆయన కొత్త గోదాము కట్టిస్తున్నాడని తెలిసి బూట్లు వేసుకుని వెళ్లాను. అడుగడుగునా బండ దొరికే ఊరికి వెళ్లి, బండల కప్పు వద్దు, పెంకుల కప్పు వేయించండని చెప్పడానికి కాస్త గుండె కావాలి. బండ కింద ఉక్కపోతకు కందులు పాడవుతాయని, పెంకుల కింద గాలి ఆడుతుందని, కత్తెరలాగా బిగించిన కర్ర కైంచీలు నిలబెట్టి ఎంత వెడల్పయినా కప్పవచ్చని చెప్పాను. ఆయన అన్నీ విని, మీసం దువ్వుకుని, తొందరేమీ లేకుండా జవాబిచ్చాడు.

"సరే కంట్రాక్టర్ సాబ్. తొలివానకు నువ్వు నా పక్కన కూసో. చుక్క పడకుంటే పక్కన కట్టే పప్పు మిల్లు కప్పు గూడ నీదే. పడ్డదనుకో, మా ఊళ్లె బండలున్నయి, బండలు పరిచేటోళ్లున్నరు."

పప్పు మిల్లు అంటే మామూలు కప్పు కాదు. అంత పెద్ద కప్పు మా చుట్టుపక్కల ఎవరూ వేయలేదు. ఆ మాట విన్న రోజు నుంచే నేను మిల్లు కప్పు వేసినట్టే తిరగడం మొదలుపెట్టాను. తాండూరులో గది తీసుకున్నాను. మిల్లు పనికని బషీరాబాద్ వైపు నుంచి కొత్త మనుషులను పిలిపించి, పెళ్లాంపిల్లలతో సహా వచ్చి దిగమన్నాను. వాళ్లు నా మాట నమ్మి ఊళ్లో పనులు వదులుకుని వచ్చేశారు. మిల్లు చేతికి రాకపోతే వాళ్ల ముఖాలు ఎలా చూడాలన్నది అప్పటికి నాకు తట్టలేదు.

గోదాము కప్పు ఎండాకాలంలో పూర్తయింది. ఇక్కడ మా వాళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. రెండు వాలులు కలిసే చోటును కొప్పు అంటాం. కొప్పు మీద ఆఖరి పెంకును మిస్త్రీయే పసుపు కుంకుమ పెట్టి కూర్చోబెట్టాలి. కింద ఇంటి యజమాని కొబ్బరికాయ కొట్టి, దిగివచ్చిన మిస్త్రీకి పంచె, తువ్వాల పెడతాడు. ఏడాది పొడుగునా ఎండలో మాడే మనిషికి నలుగురిలో దక్కే మర్యాద అదొక్కటే. ఆ రోజు తాండూరు పెద్దలందరూ వస్తున్నారని తెలిసింది. ఇంతమంది చూస్తుండగా కప్పు మీద మిస్త్రీ ఉండి కాంట్రాక్టరు కింద ఉంటే ఏం బాగుంటుందని, "కాకా, ఈసారి కొప్పు పెంక నేను పెడ్త" అన్నాను. ఆయన బీడీ నోట్లోంచి తీసి నా ముఖంలోకి చూసి, మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

తెల్ల ధోవతి, పైన కోటు, కాళ్లకు బూట్లు. నిచ్చెన ఎక్కి చూరు మీద కాలు పెట్టి, అక్కడి నుంచి కొప్పుదాకా పెళ్లికొడుకులాగా నడిచాను. పెంకును కూర్చోబెట్టాను. కింద చప్పట్లు కొట్టారు. చప్పట్లు వింటే ఊరికే ఉండబుద్ధి కాదు కదా, కొప్పు మీద నిలబడి నాలుగు దిక్కులా తిరిగి నాలుగు దండాలు పెట్టాను. దిగి వచ్చాక సావుకారి నాకు పట్టు అంచు పంచె పెట్టాడు. మిస్త్రీ కాకా కందుల బస్తాల నీడలో కూర్చుని నా బూట్ల వంకే చూస్తున్నాడు. అసూయేమో అనుకుని జాలిపడ్డాను.

మృగశిర వచ్చింది. ఒక మధ్యాహ్నం పడమటి నుంచి మబ్బు లేచిందని సావుకారి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. గోదాము మధ్యలో నులక మంచం వేయించారు. దాని మీద సావుకారి, పక్కన నేను. ఇంకో ఇద్దరు వ్యాపారులు, హమాలీలు, మా పనివాళ్లు చుట్టూ ఉన్నారు. నా మాట నమ్మి వచ్చిన బషీరాబాద్ మనుషులు గోడవారగా నిలబడ్డారు. వేడివేడి గుడాలు, పచ్చి ఉల్లిగడ్డలు వచ్చాయి. వాన దబదబా మొదలైంది. పెంకుల మీద ఆ మోత వింటూ నేను ఒక్కో గుడం నోట్లో వేసుకుంటూ, ఈ కప్పు కింద మీ మనవలు కూడా పడుకోవచ్చని సావుకారికి చెబుతున్నాను.

చూరు దగ్గర, నిచ్చెన వేసిన వైపు, టప్పుమని ఒక చుక్క పడింది.

నేను చూడనట్టు గుడాలు తిన్నాను. కొంచెం లోపలికి ఇంకో చుక్క పడింది. ఆపైన ఇంకొంచెం లోపలికి ఇంకోటి. చుక్కలు ఒక వరసలో మంచం వైపు వస్తున్నాయి. కాస్త ఎడమకు, కాస్త కుడికి, మళ్లీ ఎడమకు. హమాలీలు గబగబా లేచి వాటి కింది బస్తాలు పక్కకు లాగారు. గోడవార నిలబడ్డ మనుషులు చుక్కలను వదిలేసి నా వంక చూస్తున్నారు.

సావుకారి నెమ్మదిగా ఇదేమిటని అడిగాడు. భట్టీలో పెంకులు సరిగ్గా కాలలేదేమో అన్నాను. మరి తక్కిన కప్పంతా పొడిగా ఎందుకుందని ఆయన అడిగాడు. గాలివానకు జరిగాయేమో అన్నాను. ఇప్పుడు గాలెక్కడుందని అడిగాడు. ఇక నా నోటికి ఏది వస్తే అది అన్నాను.

"కోతులు తిరిగినయేమో సావుకారీ. అనంతగిరి కోతులు మస్తు చెడ్డయి."

"అనంతగిరి వికారాబాద్ కాడున్నది. అక్కడికెళ్లి రైలెక్కి వచ్చినయా?" అన్నాడు సావుకారి. హమాలీల్లో ఎవరో దగ్గినట్టు నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. నేల మీద తడి మచ్చలను మొదటి నుంచి చివరిదాకా చూశాడు, తర్వాత మంచం కింద ఉన్న నా కాళ్లను చూశాడు. "సరే, కోతే అనుకుందాం. ఆ కోతి ఎట్ల నడిచిందో జర నువ్వు నడిచి సూపియ్యి."

నాకు ఇంకా అర్థం కాలేదు. ఆయన అడిగాడు కదా అని లేచి చూరు దగ్గరికి వెళ్లి మొదటి మచ్చ మీద ఎడమ కాలు పెట్టాను. కుడి కాలు వేస్తే అది రెండో మచ్చ మీద పడింది. "ఒందు... ఎరడు..." అని సావుకారి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "మూరు... నాల్కు..." నేను వెతుక్కోనక్కర్లేకుండా నా కాలు పోయి మచ్చ మీదే పడుతోంది. టకటకమని ఇనుప నాడాల చప్పుడు. కొప్పు కిందికి వచ్చేసరికి అక్కడ ఒకే చోట నాలుగైదు చుక్కలు కలిసి చిన్న మడుగు కట్టింది. నాలుగు దిక్కులా తిరిగి దండాలు పెట్టిన చోటు అది. ఆ మడుగులో నిలబడ్డాక అప్పుడు అర్థమైంది. పైనుంచి ఒక చుక్క నెత్తిన పడింది కూడా.

గోదాము గొల్లుమంది. ఇద్దరు వ్యాపారులు ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. నవ్వనివాళ్లు బషీరాబాద్ మనుషులే. వాళ్లను చూడలేక తల తిప్పుకున్నాను. ఏడవలేక, కోపం ఎవరిమీదన్నా చూపించాలి కాబట్టి మిస్త్రీ మీదికి వెళ్లాను. "కాకా, ఆ దినం నువ్వు చూస్తనే ఉంటివి. బూట్లు ఇడ్సుమని ఒక్క మాట చెప్పొద్దా?" అన్నాను.

కాకా బస్తా మీద నుంచి లేవకుండానే జవాబిచ్చాడు. "కొప్పు పెంక పెట్టుడు నా పని. అది గుంజుకుంటివి, నేనేమన్న అంటినా? బూట్లు నీయి. నీ బూట్లతోటి నాకేం పని?"

సావుకారి మాత్రం తీరిగ్గా గుడాల గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. గుడాలు నములుతూ, అప్పటికప్పుడు తీర్పు చెప్పాడు.

"పెంకలు మంచియే. మిస్త్రీ పని మంచిదే. ఖరాబైనయి ఈయన కాళ్లు. కాళ్లు బాగైతయి. మిల్లు పని నీకే ఇస్త గని, బూట్లు ఇడ్సి నా గద్దె కాడ పెట్టు. మిల్లు మీద తొలివాన పడ్డంక ఇస్త."

బషీరాబాద్ మనుషుల్లో ఒకామె కొంగుతో ముఖం తుడుచుకోవడం చూశాను. నేను అక్కడే కూర్చుని బూట్లు విప్పాను. అంత సంతోషంగా ఎప్పుడూ ఏ వస్తువూ వదులుకోలేదు.

ఆ రోజు ఉత్త కాళ్లతో రైలెక్కి వికారాబాదు వచ్చాను. చప్పుడు లేకుండా వంటింటి గుమ్మందాకా వచ్చిన నన్ను చూసి మా ఇంటావిడ ఉలిక్కిపడి చేతిలో గరిటె ఎత్తింది. దొంగ అనుకుందట. సంగతి అంతా విన్నాక నవ్వి నవ్వి, "రేపటి సంది నీ రాక ఎట్ల తెలవాలె మరి?" అంది.

వాన వెలిసిన రోజుల్లో గోదాము మీద నేను తొక్కిన పెంకులు మార్చాం. సన్నటి పగుళ్లు, కంటికి ఆనవు. నీటికి మాత్రం తెలుస్తాయి. ఆ తర్వాత మిల్లు పని మొదలైంది. కప్పు కింద నిలబడి మాట్లాడే ధైర్యం నాకు పోయింది. పైకి రానా కాకా అని అడిగాను. ఆయన మొదట నాతో పెంకులు మోయించాడు. తర్వాత అందించమన్నాడు. చాలా రోజులకు, పక్కన కూర్చుని వేయనిచ్చాడు. పెంకుల కింద అడ్డంగా కొట్టిన రీపర్ల మీదుగా బరువు ఎలా వేయాలో, కాలి వేళ్లతో కర్రను ఎలా పట్టాలో చెప్పలేదు, జారబోయినప్పుడల్లా ఒక బూతు మాట తిట్టేవాడు. అలా నేర్చుకున్నాను. ఎండాకాలంలో పెంకులు కాలిపోతుంటే పాదాలు బొబ్బలెక్కేవి. బొబ్బలు పగిలి, మళ్లీ ఎక్కి, చివరికి చర్మం గట్టిపడింది.

ఒకరోజు పొద్దున నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి, నాకు తెలియకుండానే చూరు పెంకును వేళ్లతో తాకి కళ్లకు అద్దుకున్నాను. అద్దుకున్నాక నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు చెమర్చాయి. మా నాయన దండం పెట్టింది దేవుడికో పెంకుకో నాకు ఇప్పటికీ తెలియదు. దండం పెట్టాలంటే చెప్పులు విడవాలి కదా. ఎవరూ కారణం అడగకుండా, ఎవరూ మరిచిపోకుండా, కప్పు ఎక్కేవాడి కాళ్లు ఖాళీగా ఉండాలంటే ఇంతకంటే మంచి ఉపాయం ఎవరు చెప్పగలరు? భక్తి అని నేను పారేసింది మా నాయన పనితనాన్ని.

మిల్లు కొప్పు మీద ఆఖరి పెంకును మిస్త్రీ కాకా పెట్టాడు. నేను కింద నిలబడి చప్పట్లు కొట్టాను. సావుకారి ఆయనకు పంచె, తువ్వాల పెడుతుంటే కాకా ఆ తువ్వాలను భుజాన వేసుకుని, నావైపు చూసి, బీడీ ఒకటి నాకు కూడా ఇచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ ఇవ్వలేదు.

మళ్లీ మృగశిర, మళ్లీ నులక మంచం, మళ్లీ గుడాలు. వాన పడింది. ఎంత పడిందో, మిల్లు కప్పు కింద దుమ్ము అంత పొడిగా ఉంది. వాన వెలిసేదాకా నేను గుడాలు తింటూ పైకి చూస్తూ కూర్చున్నాను. ఆపైన సావుకారి తన మనిషిని పంపి గోనెసంచిలో చుట్టిన బూట్లు తెప్పించాడు. నూనె రాయించి పెట్టాడట, తళతళలాడుతున్నాయి. అందరూ చూస్తుండగా వేసుకోబోయాను. ఎడమ కాలు పట్టలేదు. కుడిది సగందాకా వెళ్లి ఆగిపోయింది. మడమ ఎంత తోసినా లోపలికి పోలేదు. వేళ్లు విచ్చుకుని, పాదాలు వెడల్పయి, ఆ బూట్లు వేరే ఎవరివో అయిపోయాయి.

వాటిని చేత్తో పట్టుకుని ఇంటికి వచ్చాను. మా ఇంటావిడ బూట్లు చూసి, నా పాదాలు చూసి, లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. మా నాయన పని నుంచి వస్తే ఇలాగే గడప దగ్గర కూర్చోబెట్టి కాళ్ల మీద నీళ్లు పోసేది. ఇప్పుడు నా కాళ్ల మీద పోస్తూ, "అచ్చం మామ కాళ్లే" అంది.

చిన్నప్పుడు బడికి మా నాయన వస్తే, ఆ వెడల్పాటి పగిలిన పాదాలు నలుగురి కంట పడతాయని నేను ఆయనకంటే పది అడుగులు ముందు నడిచేవాణ్ణి. ఆ పాదాలే ఇప్పుడు నా గడప మీద తడిసి కనిపిస్తున్నాయి. చెంబు ఖాళీ అయ్యాక కూడా, ఇంకొన్ని నీళ్లు పొయ్యమని అడిగాను.